లాడ్ బజార్‌లో నాలుగు రాత్రులు: ఫుజీఫిల్మ్ ఎక్స్-టీ5 నిజంగా ఎట్లా ఉంది?

నమస్తే అండీ, బాగున్నారా? ఇవాళ మన టేబుల్ మీదున్నది ఫుజీఫిల్మ్ ఎక్స్-టీ5 కెమెరా. కొత్త మోడలేం కాదు, 2022 నవంబర్‌లో వచ్చింది. నాది కూడా కాదు, మా బావది. "నాలుగు రోజులు ఉంచుకో, గీత పడితే మాత్రం మీ అక్కకి నువ్వే చెప్పుకోవాలి" అని ఇచ్చాడు. అందుకే మెడలోంచి తీయలేదు.

రంగుల చార్టులు తీసి చూపించే వీడియోలు బోలెడున్నాయి. నేను సాయంత్రం పూట చార్మినార్ పక్కన లాడ్ బజార్‌కి పోయా. మనలాంటి వాళ్లం కెమెరా కొనేది అట్లాంటి చోట తిరగడానికే కదా.

దీని సెన్సర్ (వెలుగుని ఫొటోగా మార్చే చిప్) 40 మెగాపిక్సెళ్లది, ముందు ఆ సంగతి తేల్చేద్దాం. ఫొటో వెడల్పు 7,728 పిక్సెళ్లు. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో 6,000. అంటే అడ్డంగా పెరిగింది మూడో వంతు కూడా లేదు. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 20 అంగుళాల ప్రింట్ కాస్తా దాదాపు 26 అంగుళాలు అవుతుంది. ఫొటో ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకునేవాళ్లకి పనికొస్తుంది. వాట్సాప్ స్టేటస్‌కైతే తేడా సున్నా.

అయితే ఈ సెన్సర్ దేన్నీ దాచదు. ఓ దుకాణంలో లక్క గాజులు చేస్తుంటే తీశా. కుంపటి మీద లక్క మెత్తబడగానే సాగదీసి, గుండ్రంగా చుట్టి, మళ్లీ కాస్త వేడి చూపిస్తూ రాళ్లు ఒక్కోటే నొక్కుతారు. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే అధికారిక గుర్తింపు) కూడా వచ్చింది. 33 ఎంఎం లెన్స్, ఎఫ్ 1.4 (అంటే లెన్స్ కన్ను బాగా తెరిచి), షట్టర్ 1/30, అంటే సెకనులో ముప్పయ్యో వంతు. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే బొగ్గు మీద బూడిద పొర కూడా కనిపిస్తోంది. గాజు చేసే ఆయన వేళ్లు మాత్రం పొగలా ఉన్నాయి!

బాడీలో స్టెబిలైజేషన్ ఉంది, కంపెనీ లెక్క ప్రకారం 7 స్టాపులు (ఒక్కో స్టాపుకి షట్టర్ రెట్టింపు సేపు తెరవొచ్చు). కానీ అది మన చేతి వణుక్కి మందు. ఎదుటాయన చెయ్యి కదిలితే అదేం చేస్తుంది? రెండో రాత్రి 1/125కి పెట్టి, తగ్గిన వెలుగుకి బదులు ఐఎస్ఓ (వెలుగుని పెంచి చూపే సెట్టింగ్) 3200కి తీసుకెళ్లా. గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వచ్చింది, వేళ్లూ వచ్చాయి. నాకు వేళ్లే కావాలి.

ఇక అసలు తలనొప్పి లైట్లు. లాడ్ బజార్ నిండా ఎల్ఈడీలే. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక బల్బులు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలీదు. చప్పుడు రాకూడదని ఎలక్ట్రానిక్ షట్టర్ (తెర కదలకుండా సెన్సరే ఫొటో తీసే పద్ధతి) పెట్టానా, గాజుల వరసల మీద అడ్డంగా చీర అంచుల్లాగా చారలు! ఈ సెన్సర్ పై వరస నుంచి కింది వరస దాకా చదవడానికి టైం తీసుకుంటుంది, ఆలోపు బల్బు వెలుగుతూ తగ్గుతూ ఉంటుంది. మందు ఏంటంటే, నిజం తెర కదిలే మెకానికల్ షట్టర్‌కి రండి, 1/100 పెట్టండి. బల్బు ఒక మిణుకు మొత్తం ఫ్రేమ్‌లోకి వచ్చేస్తుంది.

ఇక్కడే ఓ తమాషా. ఈ కెమెరాని అందరూ ప్రేమించేది పైనున్న డయల్స్ కోసం. ఎడమవైపు ఐఎస్ఓ, కుడివైపు షట్టర్, ఆఫ్‌లో ఉన్నా దేంట్లో ఉందో చూసి చెప్పేయొచ్చు. పక్క షాపు అన్న కూడా, "రీల్ కెమెరానా ఇది? మా నాన్న దగ్గర ఇట్లాంటిదే ఉండె" అన్నాడు. కానీ షట్టర్ డయల్ మీద 60 ఉంది, 125 ఉంది, 100 లేదు. 125 మీద ఉంచి, వెనకాల చక్రం ఒక్క క్లిక్ తిప్పితే 100 అవుతుంది. అంటే పైన రాసింది ఒకటి, లోపల నడిచేది ఇంకోటి. డయల్‌ని "T" అక్షరం దగ్గర పెడితే మొత్తం చక్రంతోనే నడుస్తుంది, నేను చివరికి అదే చేశా. అందం కోసం డయల్, పని కోసం చక్రం!

ఐఎస్ఓ విషయంలో మాత్రం తప్పు పూర్తిగా నాదే. పొద్దున ఆరున్నరకి మక్కా మసీదు ముందు పావురాలు. గింజలు చల్లగానే అన్నీ ఒక్కసారి లేచాయి, ఆటోఫోకస్ పక్షిని గుర్తుపట్టింది, నొక్కుతూనే ఉన్నా. తర్వాత చూస్తే రాత్రి 3200 అట్లనే ఉంది. డయల్ మీద పెద్దగా రాసే ఉంది, చూడనిది నేను. పగటి వెలుగులో గ్రెయిన్ పావురాలు నూట నలభై. వాటిలో ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీసినవాటిలో రెక్కలు వంకర్లు తిరిగి ఉన్నాయి, కారణం ఇందాక చెప్పిందే. అమీన్‌పూర్ చెరువు బర్డింగ్ బ్యాచ్ వింటుంటే, మీరు ఫుజీ వాళ్లదే ఎక్స్-హెచ్2ఎస్ చూడండి. అందులో స్టాక్డ్ (పొరలుగా కట్టిన) సెన్సర్, 26 మెగాపిక్సెళ్లే గానీ చదివే వేగం వేరు.

బరువు లెన్స్ కాకుండా, బ్యాటరీ, కార్డుతో కలిపి 557 గ్రాములు. మూడు గంటలు తిరిగినా మెడ నొప్పి రాలేదు. స్క్రీన్ నిలువు ఫ్రేమ్‌కి కూడా వంగుతుంది, మినార్ కింద కూర్చుని పైకి తీసేటప్పుడు నేల మీద పడుకోనక్కర్లేదు. వీడియో నేను పెద్దగా తీయలేదు, దాని గురించి చెప్పను.

తీసుకోవాలా? చేతిలో దీని ముందు మోడల్ ఎక్స్-టీ4 ఉంటే వద్దు, ఆ డబ్బుతో మంచి లెన్స్ కొనండి. పాత ఎక్స్-టీ2 వాడుతూ ప్రింట్లు వేయించుకునేవాళ్లయితే తీసుకోండి, అందులో లేని స్టెబిలైజేషన్ ఒక్కటి చాలు. హార్డ్ డిస్క్ కూడా పెద్దది చూసుకోండి మరి, ఈ రా ఫైళ్లు (కెమెరా మెరుగులు దిద్దని ముడి ఫొటోలు) ఊరికే నింపేస్తాయి.

గాజుల ఆయన ఫొటో 12 బై 18లో వేయించా, రెండో రాత్రిది. ఇచ్చేటప్పుడు ముందు వేళ్ల దగ్గరే వేలు పెట్టి, "ఈ రాయి వంకరగా ఉంది, తర్వాత సరిచేసిన" అన్నాడు. కెమెరా మాత్రం రేపు బావకి ఇచ్చేయాలి. గీత లేదు, రెండుసార్లు చూశా.