క్వీన్ విక్టోరియా అగేవ్ కుండీలో ఏడాదిన్నర: కొనొచ్చా, వద్దా?

నమస్కారం అండీ, ఇదిగో ఇదే మా మేడ మీద క్వీన్ విక్టోరియా అగేవ్. ఇది రెండోది, మొదటిదాన్ని నేనే చంపేశా, అది కూడా చెప్తా. ముందు దగ్గరగా చూపిస్తా ఆగండి... ఆ, ఈ ఆకు మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్లగీతలు కనిపిస్తున్నాయా, ఆకులు మధ్యలో మొగ్గలా గట్టిగా అతుక్కుని ఉన్నప్పుడు ఒకదాని మీద ఒకటి పడ్డ అచ్చులివి. మా అత్తయ్య నెల రోజులు దీన్ని ప్లాస్టిక్ మొక్కే అనుకున్నారు.

మన పొలం గట్ల మీద కంచెగా వేసే కిత్తనార ఉంది చూడండి, దాని చుట్టమే ఇది. కాకపోతే అది మనిషెత్తు లేస్తుంది, ఇది అడుగున్నర వెడల్పు దాటదు, అందుకే కుండీకి సరిపోతుంది. సొంతూరు మెక్సికోలో చివావా ఎడారి, అక్కడ సున్నపురాయి బండల సందుల్లో పెరుగుతుంది. నేనేమో ఫస్ట్‌టైమ్ కోకోపీట్‌లో, అంటే నీళ్లు పట్టి ఉంచే కొబ్బరిపీచు పొట్టులో, అదీ ప్లాస్టిక్ కుండీలో పెట్టా, జులైలో నాలుగు రోజులు ముసురు పట్టింది, పైకి నిగనిగలాడుతూనే ఉంది గానీ కింది ఆకు పట్టుకుంటే ఉడికిన వంకాయలా చేతికొచ్చేసింది, ఆ కంపు వేరే.

ఇప్పుడు ఎనిమిది అంగుళాల మట్టికుండీ, సగానికి పైన గరుకు ఇసుక, ఇటుక ముక్కలే, మిగతాది ఎర్రమట్టి. నీళ్లు పోస్తే అడుగు చిల్లులోంచి వెంటనే కారిపోవాలి. ఎండాకాలం వారానికోసారి, చలికాలం నెలకోసారి, వానలొస్తే రేకు కిందికి, అంతే. ఆకుల సందుల్లో పిండినల్లి పడితే మాత్రం ఇయర్‌బడ్‌కి స్పిరిట్ అద్ది తుడుస్తా.

నచ్చనివి చెప్పాలంటే, పెరగదండీ బాబూ! ఏడాదిన్నరలో పదకొండు ఆకులు, లెక్కపెట్టా. పిలకలు కూడా పెద్దగా రావు, ఎక్కువగా గింజల నుంచే పెంచాలి, రేటు అందుకే ఎక్కువ. ఫోటోలో ఫుట్‌బాల్ అంత చూపించి నాకు పంపింది ఉల్లిపాయంత, కాబట్టి సైజు అడిగి కొనండి. ఆకు చివర నల్లముల్లు గుచ్చుకుంటుంది, రసం తగిలితే దురద. పూత ఇరవై ముప్పై ఏళ్లకి ఒక్కసారే, తర్వాత మొక్క చచ్చిపోతుంది, మా పాప పెళ్లి టైంకి పూస్తుందేమో మరి.

రోజూ నీళ్లు పోయకపోతే తోచనివాళ్లు దీన్ని కొనకండి, మిగతావాళ్లు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఇంకోటేంటంటే... అయ్యో అత్తయ్యా, దానికొద్దు, మొన్ననే పోశానండీ!