న్యాయమూర్తికి పురస్కారం: ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా?

సంధానకర్త: నమస్కారం. ప్రజాసేవకు గుర్తింపుగా ఒక న్యాయమూర్తికి పురస్కారం ఇస్తే సంతోషించాలా, సందేహించాలా? ఒక విశ్రాంత జిల్లా జడ్జి గారు, హైకోర్టు సీనియర్ న్యాయవాది గారు, కోర్టు వార్తలు రాసే పాత్రికేయురాలు మనతో ఉన్నారు. న్యాయవాది గారూ, మీరు చెప్పండి.

న్యాయవాది: సంతోషానికి నేను అడ్డు చెప్పనండీ. నా పేచీ అంతా సమయంతోనే. మన కోర్టుల్లో అతి పెద్ద కక్షిదారు ప్రభుత్వం. పొద్దున ప్రభుత్వం మీద వేసిన రిట్ విని, సాయంత్రం అదే ప్రభుత్వం చేతుల మీదుగా శాలువా కప్పించుకుంటే, తీర్పు ఎంత నిక్కచ్చిగా ఉన్నా ఓడినవాడు నమ్మడు. 1997 మే 7న సుప్రీంకోర్టు ఆమోదించిన ‘న్యాయ జీవన విలువలు’ అనే న్యాయమూర్తుల నడవడిక నియమాల్లో ఈ జాగ్రత్త ఉంది. కుటుంబం, దగ్గరి బంధువులు, స్నేహితుల నుంచి తప్ప కానుకలూ ఆతిథ్యాలూ స్వీకరించకూడదు. పదవికి తగిన ఎడం పాటించాలి.

పాత్రికేయురాలు: పురస్కారం కానుక కాదు కదండీ!

న్యాయవాది: కాదమ్మా. ఆ తేడా కక్షిదారు కంటికి కూడా కనిపించాలి.

సంధానకర్త: రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులు వద్దంటుంది. పద్మ పురస్కారాల మాటేమిటి?

పాత్రికేయురాలు: అవి బిరుదులు కావని 1995 డిసెంబరులో బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పేరుకు ముందూ వెనుకా తగిలించుకోకూడదని కూడా చెప్పింది. సమయం అన్నారు కాబట్టి జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా గారిని తలుచుకోవాలి. ఎమర్జెన్సీలో, 1976లో, నిర్బంధంలో ఉన్నవారు విడుదల కోసం కోర్టుకు రావచ్చా అన్న ప్రశ్న వచ్చింది. సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఐదుగురిలో నలుగురు కుదరదన్నారు. ఆయన ఒక్కరే రావచ్చన్నారు. 1977 జనవరిలో ఆయనను పక్కనపెట్టి జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఆయన రాజీనామా చేశారు. పద్మవిభూషణ్ వచ్చింది 1999లో! అప్పటికి ఆయన ఇవ్వాల్సిన తీర్పు ఏదీ మిగల్లేదు. ఆ పురస్కారాన్ని ఎవరు వేలెత్తి చూపగలరు?

న్యాయవాది: నేను చెప్పేదీ అదే.

పాత్రికేయురాలు: అయితే ఆలస్యానికీ ఒక హద్దు ఉండాలి. సుప్రీంకోర్టుకు వచ్చిన తొలి మహిళా న్యాయమూర్తి జస్టిస్ ఫాతిమా బీవీ 1992లో పదవీ విరమణ చేశారు. 2023 నవంబరులో కన్నుమూశారు. పద్మభూషణ్ 2024లో, మరణానంతరం ప్రకటించారు. ఆమె చేతికి అందాల్సిన గౌరవం అది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సంధానకర్త: జడ్జి గారూ, మీరు ఇంతసేపూ మౌనంగా ఉన్నారు.

విశ్రాంత జడ్జి: మీరిద్దరూ ఢిల్లీ దాటి రాలేదండీ. నేను మున్సిఫ్ కోర్టు నుంచి వచ్చినవాణ్ణి. నా సహోద్యోగి ఒకాయన ఉండేవారు. లోక్ అదాలత్‌లో రోడ్డు ప్రమాదం కేసు వచ్చింది, భర్త పోయిన ఒక ఆమెది. బీమా కంపెనీ ప్లీడరు ఒక మొత్తం చెప్పారు, ఆమె ప్లీడరు తల ఊపారు. ఈయన వెంటనే సంతకం పెట్టలేదు. కుర్చీ ఆమె పక్కకు జరుపుకుని కూర్చున్నారు. ఎంత వస్తుంది, పిల్లల పేర బ్యాంకులో ఎంత వేస్తారు, చేతికి ఎంత ఇస్తారు అన్నీ వివరించారు. తర్వాత, “ఇప్పుడు నువ్వు చెప్పమ్మా” అన్నారు. ఆమె తడబడితే మళ్లీ మొదటి నుంచి చెప్పారు. ఆ తర్వాతే వేలిముద్ర వేయించారు. లోక్ అదాలత్‌లో ఒకసారి రాజీ అయితే అప్పీలు లేదు కదా! రికార్డులో మాత్రం అది ‘పరిష్కారమైంది’ అనే ఒక్క మాటే. ఇటువంటి మనిషిని ఎవరు గుర్తిస్తారు?

న్యాయవాది: హైకోర్టే గుర్తించాలండీ. 235వ అధికరణం ప్రకారం జిల్లా కోర్టులపై అజమాయిషీ హైకోర్టుది. అక్కడి నుంచి వస్తే నాకు అభ్యంతరమే లేదు.

విశ్రాంత జడ్జి: సరే, కానీ దేన్ని చూసి ఇస్తారు? పరిష్కరించిన కేసుల లెక్క చూస్తే, ఆ పూట ఆయన వెనుకబడ్డట్టే. గబగబా వేలిముద్రలు వేయించినవారికి మొదటి బహుమతి వస్తుంది.

పాత్రికేయురాలు: మరి ఎవరిని అడగాలంటారు?

విశ్రాంత జడ్జి: బార్ సభ్యులను, అంటే ఆ కోర్టు న్యాయవాదులను అడగండి, కోర్టు గుమస్తాలను అడగండి. ఓడిన కక్షిదారులను కూడా అడగండి. తమ మాట పూర్తిగా విన్నారో లేదో వాళ్లు చెబుతారు.

న్యాయవాది: ఒప్పుకుంటాను. నగదు మాత్రం వద్దు.

విశ్రాంత జడ్జి: నగదు ఎందుకండీ? సర్వీసు రికార్డులో, ఆ పని ఇదీ అని రెండు వాక్యాలు రాయమనండి.