బఫర్‌ను ఒక్క బైటు పెంచితే బగ్ పోదు, దాక్కుంటుంది

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నల్‌లో, అక్షరాలు దాచే 64 బైట్ల మెమరీ చోటు (బఫర్) దాటి 65వ బైటులో సున్నా రాస్తున్న బగ్‌కు "బఫర్‌ను 65 చేసేయండి, సరిపోతుంది" అని చెప్పేవారందరికీ ఈ వీడియోలో నా సమాధానం ఒక్కటే. అది దిద్దుబాటు కాదు, తప్పును కప్పిపెట్టడం.

వచ్చిన అక్షరాల పొడవు బఫర్ పరిమాణం కంటే ఎక్కువైతే తిరస్కరించాలని కోడ్‌లో ఉంది. పొడవు సరిగ్గా 64 అయితే తిరస్కరణ జరగదు. అక్షరాలన్నీ నిండాక, అవి అయిపోయాయని చెప్పే ముగింపు సున్నా మెమరీలో పక్కనున్న ఆబ్జెక్ట్ మొదటి బైటుపై పడుతుంది, అక్కడ పాయింటర్ (మెమరీ చిరునామా) ఉంటే అది మరో చోటికి చూపుతుంది. ఇప్పుడు 65 అడగండి. లినక్స్ కెర్నల్‌లో మెమరీ కేటాయించే కేమాలక్ సాధారణంగా 96 బైట్ల గడి ఇస్తుంది. పోలిక ఆ కొత్త పరిమాణంతోనే జరుగుతుంది కనుక, ఈసారి సున్నా 66వ బైటులో పడుతుంది. ఆ గడిలో ఖాళీ ఉంది కాబట్టి క్రాష్ మాత్రం కనిపించదు. దీన్ని పరిష్కారమని ఎలా అంటారు?

ఈ తప్పుకు మూలం సీ భాష రాకపోవడం కాదని, మాట తేల్చుకోకపోవడమని నా నమ్మకం. "పదో తేదీ వరకు" అంటే పదో తేదీ కలుస్తుందా, కలవదా అని మనమే అడిగి తెలుసుకుంటాం కదా! పరిమాణం అన్నప్పుడు ముగింపు సున్నా అందులో కలిసిందో లేదో కూడా అలాగే ముందే తేలాలి.

2022 జనవరిలో బయటపడిన, సీవీఈ-2022-0185 అనే నంబరుతో నమోదైన లినక్స్ కెర్నల్ భద్రతా లోపాన్నే చూడండి. 4096 బైట్ల మెమరీ పేజీలోంచి 2ను, అప్పటికే నిండిన 4095ను తీసివేస్తే వచ్చేది మైనస్ 1; మైనస్ అనేదే ఉండని గుర్తులేని సంఖ్యల్లో అది బ్రహ్మాండమైన సంఖ్యగా మారి, ఎంత పొడవు వచ్చినా హద్దు లోపలే ఉన్నట్లు చూపింది. 2019 నాటి 5.1 కెర్నల్ నుంచీ ఉన్న ఆ లోపంతో సాధారణ యూజర్ రూట్ అధికారం, అంటే సిస్టమ్‌పై పూర్తి పట్టు, పొందగలిగాడు. దిద్దినవారు పేజీని పెంచలేదు! తీసివేతను కూడికగా మార్చి, పోలికనే సరిచేశారు.

మన బగ్‌లోనూ మారవలసింది ఆ పోలికే: పొడవు పరిమాణానికి సమానమైనా తిరస్కరించాలి. ఆపై మెమరీ హద్దు దాటితే పట్టిచ్చే కెర్నల్ సాధనం కేసాన్‌ను ఆన్ చేసి సరిగ్గా 64 అక్షరాలు పంపితే, పాత కోడ్‌పై హెచ్చరిక రావాలి, కొత్త కోడ్‌పై రాకూడదు. ఆ పరీక్ష జోడించని ప్యాచ్‌ను నేనైతే వెనక్కి పంపుతాను.