గ్రేంజ్ హాలుకు తాళం పడకుండా: చర్చా కార్యక్రమం

సంధానకర్త: నమస్కారం. అమెరికా పల్లెదారుల్లో వెళ్తుంటే అక్కడక్కడా పాత చెక్క హాలు, దాని మీద ‘గ్రేంజ్’ అనే బోర్డు కనిపిస్తాయి. చర్చేమో అనుకుని దాటిపోయేవాళ్లున్నారు. అది రైతు కుటుంబాల సోదర సంఘం. దాని లోపలి వ్యవహారం తెలిసిన ఇద్దరు ఇవాళ మనతో ఉన్నారు: ఒకరు సహకార రంగ విశ్లేషకులు, ఇంకొకరు గ్రేంజ్ లెక్కలు చూసే కోశాధికారి. సార్, పుట్టుక సంగతి క్లుప్తంగా చెప్పండి.

విశ్లేషకుడు: 1867 డిసెంబరు 4న రాజధాని వాషింగ్టన్‌లో మొదలైంది. వ్యవసాయ శాఖలో పనిచేసిన ఆలివర్ హడ్సన్ కెల్లీ ముఖ్య స్థాపకుడు. ఆడవాళ్లకు సమాన సభ్యత్వం ఉండాలని పట్టుబట్టింది కరొలైన్ హాల్. ఆ కాలపు సోదర సంఘాల్లో ఇది మామూలు విషయం కాదు. 1870లలో రైల్వేలు, ధాన్యం గిడ్డంగుల వాళ్లు ఇష్టం వచ్చినట్టు రేట్లు వసూలు చేస్తుంటే రైతులు ఇందులోకి వరదలా వచ్చారు. గిడ్డంగుల రేటుకు ప్రభుత్వం హద్దు పెట్టవచ్చని 1877లో మన్ వర్సెస్ ఇలినాయ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. విచిత్రమేమిటంటే ఆ తీర్పు వచ్చేనాటికే సంఘం సన్నబడుతోంది. 1875లో ఎనిమిది లక్షలు దాటిన సభ్యత్వం 1880 నాటికి లక్షన్నర కూడా లేదు.

సంధానకర్త: గెలిచే వేళకు జనం ఎందుకు వెళ్లిపోయారు?

విశ్లేషకుడు: వ్యాపారంలో చేతులు కాల్చుకున్నారు. అయోవా రాష్ట్ర గ్రేంజ్ కోత యంత్రాలు తయారు చేయబోయి దెబ్బతింది. చేతిలో తగినంత మూలధనం లేదు, పేటెంటు తగాదాలు వచ్చిపడ్డాయి. తర్వాత జాతీయ గ్రేంజ్ ఇంగ్లండులో పుట్టిన రాచ్‌డేల్ సహకార సూత్రాల వైపు మళ్లింది: సరుకు బజారు ధరకే అమ్మాలి, అప్పు ఇవ్వకూడదు, మిగులును సభ్యుల కొనుగోళ్ల మేరకు పంచాలి. మన దగ్గర 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నడిచేవాళ్లకు ఈ పాఠం కొత్తగా ఉండదు. కొనేవాళ్లను ఆకట్టుకోవాలని ధర తగ్గించిన సంఘం మొదటి నష్టానికే కూలుతుంది.

సంధానకర్త: ఇప్పుడు కొత్తగా ఒక ఊళ్లో గ్రేంజ్ పెట్టాలంటే ఏం చేయాలి మేడమ్?

కోశాధికారి: కనీసం పదమూడు మంది కావాలి. వయసు పద్నాలుగు నిండితే పూర్తి సభ్యత్వం, అంతకన్నా చిన్నవాళ్లకు జూనియర్ గ్రేంజ్. దరఖాస్తు రాష్ట్ర గ్రేంజ్‌కు వెళ్తుంది, చార్టర్, అంటే స్థాపన అనుమతి పత్రం, వస్తుంది. ఊరి గ్రేంజ్ పైన జిల్లా స్థాయిలో పొమోనా, ఆపైన రాష్ట్రం, ఆపైన జాతీయం. సభ్యుల దీక్షలో మెట్లను డిగ్రీలంటారు: నాలుగు డిగ్రీలు ఊళ్లోనే ఇస్తారు, అయిదోది పొమోనా, ఆరోది రాష్ట్రం, ఏడోది జాతీయ సభ. సెరీస్, పొమోనా, ఫ్లోరా అని ముగ్గురు దేవతల పేర్లతో పదవులు కూడా ఉంటాయి. కానీ బయటి నుంచి వచ్చినవాళ్లు ఈ తంతు చూసి బెదిరిపోతారు. నన్నడిగితే మొదటిసారి వచ్చినవాళ్లకు దీక్ష తంతు కాదు, వంటగది చూపించాలి.

సంధానకర్త: వంటగది అన్నారు కాబట్టి... బీన్స్ విందుల గురించి విన్నాం.

కోశాధికారి: న్యూ ఇంగ్లాండ్ వైపు, అంటే అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, అదే పెద్ద ఆదాయం. వంద మందికి ఎండు బీన్స్ ఏడు కిలోలు చాలు. ముందు రాత్రి నానబెట్టాలి. మర్నాడు ఉడికిస్తూ చెంచాలో నాలుగు గింజలు తీసి ఊదితే తొక్క చిట్లాలి. అప్పుడు ఉప్పు పంది మాంసం, ఆవపొడి, మొలాసిస్ (చెరకు మడ్డి పాకం) వేసి సన్నని సెగ మీద ఓవెన్‌లో ఆరు నుంచి ఎనిమిది గంటలు. జనం చేసే పొరపాటు ఒకటే: గింజ మెత్తబడకముందే మొలాసిస్ పోస్తారు. దాంట్లోని ఆమ్లం, కాల్షియం తొక్కను బిగబట్టేస్తాయి, రాత్రి దాకా ఉడికించినా పలుకుగానే ఉంటాయి. పాత గింజలతో, కాల్షియం ఎక్కువున్న బావినీళ్లతో కూడా ఇదే ఇబ్బంది.

సంధానకర్త: మిగిలిన కుండలు?

కోశాధికారి: అక్కడే తనిఖీ వాళ్లకు దొరికిపోతారు. వడ్డించేంతవరకు వేడి 57 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగకూడదు. దించాక రెండు గంటల్లో 21కి, ఇంకో నాలుగు గంటల్లో 5కి చల్లారాలి. పెద్ద కుండను అలాగే ఫ్రిజ్‌లో పెడితే నడిమధ్య తెల్లారేదాకా వెచ్చగానే ఉంటుంది. లోతు తక్కువ పళ్లాల్లోకి పంచి పెట్టాలి.

విశ్లేషకుడు: విందు సరే, గ్రేంజ్ అసలు బలం తీర్మానంలో ఉంది. సభలో మతం, పార్టీ పేరు ఎత్తకూడదు, కానీ విధానం మీద ఎంతైనా వాదించవచ్చు. ఊళ్లో పాసైన కాగితం పొమోనాకు, అక్కణ్నుంచి రాష్ట్ర సభకు, దేశానికి సంబంధించిందైతే నవంబరులో జరిగే జాతీయ సభకు ఎక్కుతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో జనమే సొంత కరెంటు సంస్థ పెట్టుకోనిచ్చే ప్రజా విద్యుత్ జిల్లాల చట్టం 1930లో ఓటుకు వచ్చి గెలిచింది రాష్ట్ర గ్రేంజ్ సంతకాలు సేకరించబట్టే.

సంధానకర్త: మరి చాలా తీర్మానాలు మధ్యలో ఆగిపోతాయెందుకు?

విశ్లేషకుడు: ఒకే కాగితంలో రెండు కోరికలు పెడతారు. సగం మందికి ఒకటి నచ్చదు, రెండూ పోతాయి. ఇంకో లోపం, ఏ అధికారి ఏం చేయాలో రాయరు. ‘రోడ్లు బాగుచేయాలి’ అంటే ఎవరూ కదలరు. ఫలానా కౌంటీ రోడ్డు మీద ఫలానా వంతెనకు బరువు పరిమితి బోర్డు పెట్టాలని రాస్తే ఫైలు పుడుతుంది. కారణాల పేరాలు మూడు దాటితే కమిటీలో కోత పడుతుంది.

సంధానకర్త: మేడమ్, సంఘం ఆస్తి, పన్నుల సంగతి?

కోశాధికారి: అమెరికాలో తెలుగు సంఘాలు నడిపేవాళ్లు ఇది జాగ్రత్తగా వినాలి. చాలా గ్రేంజ్‌లకు అమెరికా పన్ను చట్టంలోని 501(సి)(5) హోదా ఉంటుంది, వ్యవసాయ సంఘం కింద. మన సంఘాలు ఎక్కువగా 501(సి)(3), అంటే దాతకు పన్ను మినహాయింపు దొరికే సేవా సంస్థలు. గ్రేంజ్ ఆ కోవలోది కాదు కాబట్టి దానికి ఇచ్చిన విరాళానికి దాతకు పన్ను మినహాయింపు ఉండదు. రసీదు మీద ఆ మాట రాయకపోతే గొడవ. ఏటా ఆదాయం సాధారణంగా 50,000 డాలర్లు దాటని చిన్న సంఘం పన్నుల శాఖకు 990-ఎన్ అనే చిన్న ఎలక్ట్రానిక్ ఫారం పంపితే సరిపోతుంది. వరుసగా మూడేళ్లు మరిచిపోతే హోదా తనంతట తానే రద్దవుతుంది. కార్యదర్శి మారినప్పుడు పాస్‌వర్డు చేతులు మారక ఇలా పోగొట్టుకుంటారు.

సంధానకర్త: సభ్యులు తగ్గి మూతపడితే హాలు ఎవరిది?

కోశాధికారి: ఉన్నవాళ్లు పంచుకునేది కాదు. చార్టర్ పోతే ఆస్తి రాష్ట్ర గ్రేంజ్ చేతికి వెళ్తుంది. అందుకే హాజరు కోరానికి కావలసిన ఏడుగురి కిందికి పడిపోకముందే పక్క ఊరి గ్రేంజ్‌తో విలీనం మాట్లాడుకోవాలి.

సంధానకర్త: చలికాలంలో హాలు మూసేసే ఊళ్లకు ఒక్క సూచన.

కోశాధికారి: పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగలకుండా నీళ్ల మెయిన్ వాల్వు కట్టేయండి. అన్నిటికన్నా కింద ఉన్న కుళాయి, అన్నిటికన్నా పైనున్న కుళాయి రెండూ తెరవండి, గాలి చొరబడితేనే నీళ్లు పూర్తిగా దిగుతాయి. హీటర్ ట్యాంకుకు ముందు కరెంటు ఆపాలి, తర్వాతే ఖాళీ చేయాలి. సింకు కింది వంపుల్లో, కమోడ్‌లో విషం లేని గులాబీ రంగు యాంటీఫ్రీజ్ (గడ్డకట్టకుండా ఆపే ద్రవం) పోయాలి, కారుకు వాడేది కాదు. బీమా పాలసీ కూడా తీసి చూడండి: వరుసగా 60 రోజులు ఖాళీగా ఉంటే పైపు పగిలిన నష్టం ఇవ్వబోమనే నిబంధన చాలా పాలసీల్లో ఉంటుంది. పాలసీలో ‘ఖాళీ’ అంటే ఏమిటో ఏజెంటును అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.