అమ్మని "గుర్తుందా?" అని అడగకండి

(పొయ్యి మీద మట్టి దాక. పులుసు సన్నగా ఉడుకుతోంది. కెమెరా దాక మీదే ఉంటుంది.)

ఇది నిన్నటి చేపల పులుసు. వంజరం. నిన్న ఆదివారం పొద్దున్నే మా విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి తెచ్చాను, అమ్మ వండింది. మిగిలింది ఇవాళ మళ్ళీ వేడి చేస్తున్నాను. ఈ వీడియో అంతా ఈ దాక చుట్టూనే తిరుగుతుంది. ఆకలి మీదున్నవాళ్ళు ముందు తినేసి రండి.

నాకు ఒక మాట వింటే చిరాకు. సెలవు రోజు అందరూ కలిసి భోజనానికి కూర్చున్న ప్రతి ఇంట్లో వినపడే మాటే. "అమ్మా, నీకు గుర్తుందా?" అమ్మ ఏదో చెప్పబోతుంది. వెంటనే ఒకరు, "అది కాదమ్మా, ఆ రోజు మనం వెళ్ళింది సింహాచలం కాదు, భీమిలి" అంటారు. వంటింట్లోంచి ఇంకొకరు, "పొద్దున మాత్ర వేసుకుందో లేదో గుర్తుండదు గానీ నలభై ఏళ్ళ నాటి చీర రంగు మాత్రం చెప్పేస్తుంది" అంటారు. అందరూ నవ్వుతారు. అమ్మ కూడా నవ్వుతుంది, అందరికంటే కొంచెం ఆలస్యంగా.

ఈ పని చేసేవాళ్ళలో నేనే ముందుండేవాణ్ణి. మా సబ్‌మెరైన్ గొడవ చెప్తాను, వినండి.

మా అమ్మకి 74. ఎంవీపీ కాలనీలో ఉంటుంది. కొన్ని నెలల కిందట ఒక ఆదివారం, అన్నం తింటూ మా ఆవిడకి చెప్తోంది. "వీడికి ఆరేళ్ళప్పుడు బీచ్‌లో సబ్‌మెరైన్ చూపిస్తానని వీళ్ళ నాన్న తీసుకెళ్ళారు. లోపలికి అడుగు పెట్టాడో లేదో ఒకటే ఏడుపు. ఆయన చొక్కా పట్టుకుని వదిలితేనా!" నాకూ బాగా గుర్తే. ఆ గుండ్రటి తలుపు, ఇరుకు దారి, నూనె వాసన. పెళ్ళైన కొత్తలో మా ఆవిడకి ఈ కథ మొదట చెప్పింది నేనే.

అంతలో నాకో లెక్క తట్టింది. నేను పుట్టింది 1984లో. ఆరేళ్ళంటే 1990. మన ఆర్కే బీచ్‌లో ఉన్న ఆ సబ్‌మెరైన్, కుర్సుర, నేవీ నుంచి రిటైర్ అయిందే 2001లో. ఒడ్డుకి లాగి మ్యూజియం చేసి జనానికి తెరిచింది 2002లో. అంటే నాకు ఆరేళ్ళప్పుడు అది ఇంకా డ్యూటీలో ఉంది. నేను ఏడుద్దామన్నా అక్కడ సబ్‌మెరైన్ లేదు.

ఏడ్చింది మా అక్క కొడుకు, 2004లో. వాడు పట్టుకుంది వాళ్ళ తాత చొక్కా. మరి నాకు గుర్తున్న తలుపు, నూనె వాసన? అవీ నిజమే. కాకపోతే డిగ్రీ చదివే రోజుల్లో ఫ్రెండ్స్‌తో వెళ్ళినప్పటివి. అమ్మ కథకి నేను నా వాసన అద్దుకున్నాను. ఇద్దరం కలిసి జరగనిదాన్ని ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకున్నాం!

అప్పుడు నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఫోన్ తీసి సంవత్సరం చూపించాను. "చూడమ్మా, 2002." కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "ఏమో నాన్నా, ఈ మధ్య నాకేం గుర్తుండట్లేదు" అంది. పెరుగన్నం కలుపుతూనే ఉంది, ఎంతసేపటికీ ముద్ద ఎత్తలేదు. ఆ మధ్యాహ్నం ఇంకో కథ చెప్పలేదు.

సంవత్సరం మాత్రం నేను చెప్పిందే కరెక్టు. దాన్ని ఏ ఫ్రేములో పెట్టుకోవాలో తెలీక తిరుగుతున్నాను.

సరే, దాక దగ్గరికి వద్దాం.

జ్ఞాపకం అంటే బీరువాలో దాచిన ఫోటో అని మనలో చాలామంది అనుకుంటారు. అందుకే అమ్మ ఏదైనా తప్పు చెప్తే ఫోటో పారేసుకుందనో, వేరే ఫోటో తీసిందనో అనుకుంటాం. ఫోటో కాదండీ, ఈ పులుసు. తినాలనుకున్నప్పుడల్లా వేడి చేయాలి. వేడి చేసినప్పుడల్లా కాస్త చిక్కబడుతుంది, కాసిని నీళ్ళు పోస్తాం, ఉప్పు చూస్తాం. మిగిలింది మళ్ళీ అదే దాకలో పెట్టి మూత వేస్తాం. రేపు మనం తినేది మొదటి రోజు పులుసు కాదు, ఇవాళ మనం చెయ్యి పెట్టిన పులుసు.

ఇది నా కవిత్వం అనుకోకండి. ఇంగ్లండులో బార్ట్‌లెట్ అనే సైకాలజిస్టు 1932లోనే చూపించాడు. అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లీషువాళ్ళ చేత చదివించి, తర్వాత కొన్నాళ్ళకోసారి మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పినప్పుడల్లా కథ వాళ్ళ ఊరి కథలా మారిపోయింది. అందులో ఉన్న సీల్ అనే సముద్ర జంతువు వేట కాస్తా చేపలు పట్టడం అయిపోయింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. తమ దగ్గరున్న ఉప్పూ కారం వేసుకున్నారు, అంతే.

2000లో న్యూయార్క్‌లో కరీమ్ నాదర్ బృందం ఎలుకల మీద ఇంకో ప్రయోగం చేసింది. ఒక శబ్దం వస్తే షాక్ కొడుతుందని ఎలుకకి నేర్పారు. ఆ భయం బాగా కుదిరాక ఆ శబ్దం మళ్ళీ వినిపించి, వెంటనే మెదడులో భయం తాలూకు భాగంలోకి ఒక మందు ఎక్కించారు. మర్నాడు ఆ భయం బాగా తగ్గిపోయింది. శబ్దం వినిపించకుండా ఊరికే మందు ఇస్తే ఏమీ కాలేదు. అంటే మూత తీసినప్పుడే పులుసులో ఏదైనా కలుస్తుంది. మనుషుల్లో ఇది ఎంతవరకు అనేదాని మీద ఇంకా వాదనలు నడుస్తున్నాయి. ఎలుక విషయంలో మాత్రం భలే ప్రయోగం.

(దాకని రెండు చేతులతో, గుడ్డతో పట్టుకుని తిప్పాలి. దగ్గరగా చూపించాలి.)

ఇది చూడండి. చేపల పులుసు వండటం వచ్చినవాళ్ళు ముక్కలు వేశాక గరిటె పెట్టరు. పెడితే ముక్క చెదిరి ముళ్ళే మిగులుతాయి. దాకని గుడ్డతో ఇలా పట్టుకుని తిప్పుతారు. అంతా కలుస్తుంది, ముక్క ముక్కలాగే ఉంటుంది. "అది కాదమ్మా" అనేది గరిటె. "గుర్తుందా?" అనేది కూడా గరిటే, కాకపోతే వెండిది.

ఎందుకంటే "గుర్తుందా?" అనేది ప్రశ్న కాదు, పరీక్ష. తెల్ల కాగితం చేతికిచ్చి రాయమన్నట్టు. వయసు పెరిగేకొద్దీ ఏ ఆసరా లేకుండా గుర్తు తెచ్చుకోవడమే ఎక్కువ కష్టమవుతుంది. చూసి గుర్తుపట్టడం, ఒక కొస అందిస్తే పట్టుకుని లాగడం అంతగా దెబ్బతినవు. కాబట్టి "మా చిన్నప్పటివి ఏమైనా చెప్పు" అనకండి, పాపం ఎక్కడ మొదలుపెడుతుంది? "పులుసులో మెంతిపొడి వేయడం నీకెవరు నేర్పారు?" అని అడగండి. దాకని కొంచెం తిప్పినట్టు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన విషయం. నలభై దాటినవాళ్ళని వాళ్ళ జీవితంలోంచి సంగతులు చెప్పమంటే, సుమారుగా పది నుంచి ముప్ఫై ఏళ్ళ వయసులో జరిగినవే లెక్కకు మించి వస్తాయి. చాలా దేశాల్లో చూశారు ఇది. మొదటి ఉద్యోగం, పెళ్ళి, కొత్త ఊరు, మొదటి కాన్పు, అన్నీ అప్పుడే కదా. మా అమ్మ లెక్క వేయండి. పది నుంచి ముప్ఫై అంటే 1961 నుంచి 1981 దాకా. నేను పుట్టింది 1984లో!

అంటే ఇన్నాళ్ళూ చిన్నప్పటి సంగతులని అమ్మని నేను అడుగుతున్నవి, నా చిన్నప్పటివి. ఆవిడ దాకలో అడుగున చిక్కగా ఉన్నది ఆవిడ చిన్నతనం. దాని జోలికే వెళ్ళలేదు. నిజమే, మన మొదటి మూడేళ్ళ సంగతులు మనకి దాదాపు ఏమీ ఉండవు, అవి అమ్మ దగ్గరే దొరుకుతాయి. అవీ అడగండి. కానీ 74 ఏళ్ళ మనిషిని ఎంతసేపూ నా పాలసీసా గురించే అడిగితే ఎలా?

(దాక అడుగంటుతోంది. తొందరగా.)

ఇంకా రెండు ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. ఒకటి, వాసన. చూసినవీ విన్నవీ మెదడులో థాలమస్ అనే జంక్షన్ దాటుకుని వెళ్తాయి. వాసన అక్కడ ఆగకుండా జ్ఞాపకాల వీధికి నేరుగా పోతుంది. అందుకే ఈ మాటలకి భోజనం వేళే మంచిది, ఆల్బమ్ తర్వాత తీయొచ్చు.

రెండోది ముఖ్యం. "పొద్దున మాత్ర గుర్తుండదు గానీ..." అనేవాళ్ళకి. అమ్మ నటించట్లేదు. కొత్త సంగతి కుదురుకోవాలంటే హిప్పోకాంపస్ అనే చిన్న భాగం పని చేయాలి. పాతవి ఏళ్ళ తరబడి వేడి చేసి వేడి చేసి ఎప్పుడో కుదురుకున్నాయి. కాబట్టి పాతవన్నీ చెప్తోంది, ఏమీ లేదులే అని వదిలేయకండి. అడిగిందే పదిసార్లు అడుగుతున్నా, రోజూ వెళ్ళే దారి తప్పినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, చెవి సరిగా వినపడకపోయినా, మనసు బాగోకపోయినా మతిమరుపులాగే కనిపించొచ్చు. పరీక్ష చేయించడం వేరు, అన్నం దగ్గర పరీక్ష పెట్టడం వేరు.

(పొయ్యి కట్టేయాలి.)

నిన్న ఏం జరిగిందో చెప్పి ముగిస్తాను. అమ్మ పులుసు వడ్డిస్తుంటే, "నీ పదేళ్ళప్పుడు మార్గశిరం లక్ష్మివారాలు బురుజుపేట గుడికి ఎవరితో వెళ్ళేదానివి?" అని అడిగాను. గరిటె గిన్నెలో పెట్టేసి కూర్చుంది. వాళ్ళ నాన్నతోనట. జీళ్ళు కొనుక్కోమని ఆయన ఐదు నయాపైసల బిళ్ళ ఇచ్చారట. ఆ జనంలో చేతిలోంచి జారిపోతుందని భయమేసి నోట్లో పెట్టుకుందట. అమ్మవారి మీద నీళ్ళు పోసే వంతు రాగానే దణ్ణం పెట్టబోయి గుటుక్కున మింగేసింది. "మూలలున్న బిళ్ళరా, గొంతులో తిరుగుతూ దిగింది. మూడు రోజులు మా నాన్న పుల్ల పట్టుకుని నా వెనకే!" అని తన గొంతు మీద వేలితో ఆ దారి గీసి చూపించింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

అక్క నోరు తెరిచింది. "అదేమిటమ్మా, పోయినసారి పది పైసలన్నావు..."

నేను దాక అక్క వైపు జరిపాను.