మూడున్నర మైళ్ల మట్టి

శ్రోతలందరికీ నమస్కారం.

మాది టంగుటూరు దగ్గర ఒక పల్లె. ఆదివారం ఆరాధన అయిపోయాక చర్చి గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూనే వందనాలు చెప్పుకుంటాం. "వందనాలన్నా." "వందనాలమ్మా, బాగున్నారా?" అవతలి మనిషి బాగున్నామో లేదో చెప్పేలోపే మన కాలు రెండో చెప్పులో దూరిపోతుంది. ఇన్నేళ్లుగా నేను చేస్తున్నదీ అదే. దానికి సహవాసం అని పేరు పెట్టుకున్నాం.

ఈమధ్య ఆ పేరు మీద నాకు అనుమానం వచ్చింది. ఎందుకొచ్చిందో చివర్లో చెబుతాను. ముందు మన ఒంగోలు సంగతి ఒకటి.

నెల్లూరులో 1840లో మొదలైన అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చి కాపురం పెట్టారు. ఆయన గురించి మాట్లాడేటప్పుడు మా సభల్లో వక్తలు తప్పకుండా చెప్పే అంకె ఒకటుంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో దిగారు. ఈ అంకె చెప్పగానే చప్పట్లు పడతాయి. పడనివ్వండి, తప్పులేదు. కానీ అంతకు ముందు నడిచిన కథ చెప్పేవాళ్లు తక్కువ. నాకు ఆ కథే పెద్దదిగా కనిపిస్తుంది.

1876లో మొదలైన కరువును మన పెద్దవాళ్లు ధాత కరువు అంటారు. తినడానికి గింజ లేదు, గొడ్లకు గడ్డి లేదు. అప్పట్లో సముద్రం పక్కన బకింగ్‌హాం కాలువ తవ్వుతున్నారు. అందులో మూడున్నర మైళ్ల ముక్కను క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నారు. పాస్టరుకు కాలువ కాంట్రాక్టు ఏమిటని అడగొచ్చు. కుర్రతనంలో అమెరికాలో భూమి కొలతల పనిలో ఉన్న మనిషి ఆయన, ఆ చదువు ఇక్కడ పనికొచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వేలల్లో వచ్చారు. మగవాళ్లు గడ్డపారతో తవ్వితే ఆడవాళ్లు తట్టల్లో మట్టి మోశారు. చేసిన పనికి కూలి ఇచ్చారు. బోధకులే మేస్త్రీలుగా నిలబడి పని చూసుకున్నారు. ఎండలో సొమ్మసిల్లిన వాళ్ల పక్కన కూర్చుని మాట్లాడింది కూడా వాళ్లే.

అక్కడ పనిచేసిన వాళ్లలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. ఒక రోజూ రెండు రోజులూ కాదు, కరువు పనులు సాగినన్నాళ్లూ, నెలల తరబడి ఆపేశారు. కడుపు కోసం మతంలోకి వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని ఆయన ఆలోచన. కాలువ పనీ, కూలి పంపకమూ ముగిశాకే గుండ్లకమ్మ నీళ్లలో దిగారు. ఆకలిగా ఉన్నవాడికి పని చూపించి, కూలి చేతిలో పెట్టి, బదులుగా ఏమీ అడగకుండా ఊరుకోవడం ఎంత కష్టమో ఎవరికైనా చిన్న సాయం చేసి చూసుకోండి. మనం నూరు రూపాయలు ఇచ్చినా, వాడు మళ్లీ కనబడితే నమస్కారం పెడతాడా లేదా అని చూస్తాం.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఈ ప్రాంతంలో మొదట నమ్మినవాళ్లలో తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య ఒకరు. తోళ్ల పని చేసుకునే మాదిగ కుటుంబం ఆయనది. ఆయన వెంట వచ్చినవాళ్లూ ఆ పల్లెల వాళ్లే. వాళ్లను చేర్చుకుంటే మేం రామని ఒంగోలు పట్టణంలో పైకులాల వాళ్లు చెప్పారు. పట్టణం వాళ్లు వస్తే మిషన్ బడికి బలం, మిషన్‌కు పేరు. అయినా క్లౌ దంపతులు పల్లె వాళ్లనే చేర్చుకున్నారు. నూట యాభై ఏళ్లు దాటాయి. ఇప్పటికీ ఒకే ఊళ్లో ఈ కులానికి ఈ చర్చి, ఆ కులానికి ఆ చర్చి అన్నట్టు నడిచే చోట్లున్నాయి. ఆ మాట మింగేసి సహవాసం గురించి ప్రసంగం చేయడం నాకు చేతకాదు.

ఈ జబ్బు కొత్తదేమీ కాదు లెండి. బైబిల్లోనే ఉంది, కొరింథు అనే పట్టణంలో తొలినాటి విశ్వాసులు ప్రభువు భోజనానికని కూడివచ్చి, ఉన్నవాళ్లు ముందే తినేసి, లేనివాళ్లను పస్తు పెట్టారు. అపొస్తలుడైన పౌలు వాళ్లకు ఉత్తరం రాసి గట్టిగా చీవాట్లు పెట్టాడు. అంతా అయ్యాక ఆయన చెప్పిన మందు చాలా చిన్నది: తినబోయేటప్పుడు ఒకరి కోసం ఒకరు ఆగండి. మా క్రిస్మస్ ప్రేమవిందులో నేను చూస్తుంటాను. మొదటి బంతిలో విస్తరికి నాలుగైదు ముక్కలు పడతాయి. చివరి బంతికి గరిటె అడుగున గీరుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఆ చివరి బంతిలో ఏటా కూర్చునేది ఎవరో మా అందరికీ తెలుసు.

ఇప్పుడు నా సంగతి. మా చర్చిలో పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్లే పెద్దావిడ ఒకామె ఉంది. నేను పిన్నమ్మా అని పిలుస్తాను. రెండో వరుసలో ఫ్యాను కింద చాప మీద ఆమె చోటు. మూడు ఆదివారాలు ఆ చోట ఇంకెవరో కూర్చున్నారు, నాకు తట్టనేలేదు. పడి చేయి విరగ్గొట్టుకుందని సంతలో ఎవరో చెప్పారు. "అయ్యో, ప్రార్థన చేస్తున్నానని చెప్పండి" అని వంకాయలు తూకం వేయించుకుని వచ్చేశాను. ఆ ప్రార్థన కూడా చేయలేదు, మర్చిపోయాను.

ఇంకో వారానికి సిగ్గేసి, సాయంత్రం పూట వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో పిన్నమ్మ పీట మీద కూర్చుని ఉంది, కుడిచేతికి కట్టు. వెనక ఎదురింటి ముస్లిం అమ్మాయి నిలబడి ఆమెకు తల దువ్వి జడ వేస్తోంది. పక్కన గిన్నెలో సంగటి, గోంగూర. నెల రోజులుగా పొద్దునా సాయంత్రం ఆ అమ్మాయే వచ్చిపోతోందట. మా చర్చి గుమ్మం ఒక్కసారీ తొక్కని పిల్ల.

"రా అబ్బయ్యా. ప్రార్థన చేసిపోదామనొచ్చావా?" అంది పిన్నమ్మ.

"లేదు పిన్నమ్మా, ఊరికే చూసిపోదామని."

"అయితే ఆ బిందె తీసుకుని కుళాయి దగ్గరికెళ్లు. నీళ్లు ఆగిపోయే టైమైంది."

వెళ్లాను. రెండు బిందెలు మోసేసరికి సగం నీళ్లు నా చొక్కా మీదే ఉన్నాయి. నన్ను చూసి ఆ అమ్మాయి జడ వేయడం ఆపి మరీ నవ్వింది. పిన్నమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వులో పడి ప్రార్థన చేయకుండానే బయల్దేరాను. వీధి మలుపు దాకా వచ్చాక వెనక నుంచి ఆమె కేకేసింది.

"అబ్బయ్యా, రేపు కూడా నీళ్లు ఆరింటికే వస్తాయి!"

సెలవు. నమస్కారం.