ఎపిసోడ్: డ్రిల్ పీరియడ్, ఇంకా ఒక పాత బాకీ

గుట్ట: నమస్తే, నల్లగొండ నుంచి మళ్లీ మేమే. ఇవాళ్టి ముచ్చట, బడిలో ఆటలు సరిగ్గా ఆడిస్తే పెద్దయ్యాక కూడా ఒళ్లు వంగుతుందా లేదా అని.

స్కోరర్: నువ్వు లతీఫ్ సాబ్ గుట్ట మాట ఎత్తకపోతే వంగుతుంది.

గుట్ట: ఎత్తను. పొద్దున ఎక్కి వచ్చా, అంతే.

స్కోరర్: అయిపోయింది.

గుట్ట: సరే విను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలి. మనకు వారానికి రెండే డ్రిల్ పీరియడ్లు.

స్కోరర్: పదో తరగతిలో రెండూ లెక్కల సారువే. హోంవర్క్ చేయకపోతే మాత్రం గ్రౌండ్ చుట్టూ ఐదు రౌండ్లు. మొన్న షుగర్ అని డాక్టర్ నడవమంటే పానగల్ చెరువు కట్ట మీదికి పోయా. మొదటి రౌండ్‌కే హోంవర్క్ గుర్తొచ్చింది భై.

గుట్ట: అందుకే ఖోఖో ఆడించాలి. రెండు స్తంభాలు, ఇంత ముగ్గు ఉంటే చాలు. 2025 జనవరిలో ఢిల్లీలో తొలి ప్రపంచకప్ పెడితే మగవాళ్లదీ ఆడవాళ్లదీ రెండు కప్పులూ మనకే...

స్కోరర్: కప్పు సరే. నాకు ఖో ఇచ్చిందెవరు?

గుట్ట: అబ్బా, మళ్లీనా!

స్కోరర్: ఏడో తరగతంతా మోకాళ్ల మీద కూర్చున్నా. ఛేజింగ్‌లో ఎక్కువసార్లు లేచేది నువ్వే. నా వీపు మీద ఒక్కసారి చెయ్యి పడలేదు.

గుట్ట: రన్నర్ ఎటు దాటితే అటు ముఖం పెట్టినోడికే ఇవ్వాలి కదరా. నువ్వు ఇటు తిరిగి ఉండేవాడివి.

స్కోరర్: ఇటు తిరిగినోళ్లు నలుగురం. మిగతా ముగ్గురికీ వచ్చింది.

గుట్ట: ...నువ్వు లేవడానికే టైం పట్టేది.

స్కోరర్: లేపితే కదా తెలిసేది! ఆ తర్వాత నా చేతిలో చాక్‌పీస్ పెట్టారు. రెండేళ్లు స్కోరు రాశా.

గుట్ట: సారీ భై. నిజంగా.

స్కోరర్: మధ్యలో ఒక నెల వేరే పీఈటీ సారు వచ్చాడు, గుర్తుందా? ఒకసారి ఖో అందుకున్నోడికి, అందరికీ అందేదాకా మళ్లీ ఇవ్వొద్దన్నాడు. మీరంతా గొణిగారు.

గుట్ట: గొణిగాం. వరసగా ఓడిపోయాం మరి.

స్కోరర్: నేను పరిగెత్తింది ఆ ఒక్క నెలే. ఇంటికెళ్లాక కూడా వాకిట్లో ఉరికేవాణ్ని. మా అమ్మ దయ్యం పట్టిందనుకుంది.

గుట్ట: తర్వాత ఆ సారుకు బదిలీ అయిందిగా.

స్కోరర్: అయింది. చాక్‌పీస్ మళ్లీ నాకే.

గుట్ట: ఆదివారం గుట్టకు రారాదు? మెల్లగా ఎక్కుదాం.

స్కోరర్: చూశారా, ఎటు తిప్పినా గుట్టే! అరేయ్, ఆ నెల స్కోర్లు కూడా గుర్తున్నాయి, చెప్పనా?

గుట్ట: వద్దు. చాయ్ వచ్చింది.